నోరు మెదపని చీర

పొద్దున చాయ్ తాగినంక బాలకిష్టయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. కాసేపటికి తమ్ముడు సాయన్న వచ్చి అంచు పక్కన కూర్చుంటాడు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఒళ్ళు పోగును మోసుకొచ్చే నాడె అంచు దగ్గరికి రాగానే, పక్కన కూర్చున్న మనిషి దాని పోగును అంచు పోగుతో మెలివేసి తిప్పి పంపాలి. దాన్నే కుప్పడం అంటారు, ఆ రెండూ కలిసినచోటును జోడు అంటారు. ఒక్క మనిషితో అయ్యే పని కాదు. అందుకే మాటల్లేని అన్నదమ్ములైనా మోకాలికి మోకాలు తగిలేలా ఒకే మగ్గం మీద కూర్చోక తప్పదు.

మాటలు పోయింది బాలకిష్టయ్య కూతురు ఈదమ్మ పెండ్లినాడు. అందరూ బంతిలో తింటుండగా సాయన్న పెండ్లికూతురి చీర చెంగు పట్టి చూసి, మా అన్న నేత మంచిదే గని జోడు జర కనపడుతది అన్నాడు. నవ్వులాటకు అన్నాడని కొందరు సర్దిచెప్పారు. నవ్వులాటకు అనాలంటే పప్పులో ఉప్పు లేదని అనొచ్చు, బాజావాళ్ళను అనొచ్చు. నేసినవాడి ముందు జోడును అంటారా? ఈదమ్మ కొడుకులకు మీసాలొచ్చాయి గాని ఆ మాట బాలకిష్టయ్య కడుపులోంచి పోలేదు.

పని మాత్రం ఆగలేదు. దారం తెగితే బాలకిష్టయ్య మగ్గం చెక్క మీద వేలితో కొడతాడు. కండె అయిపోతే సాయన్న నాడెను చెక్కకు ఆనించి టకటకమనిపిస్తాడు. చేతి చప్పుడు బట్టకు పట్టదు. పట్టేది నోటి మాటే. జోడు దగ్గర పలికిన మాట పోగుల్లోకి పోయి, చీరను మొదటిసారి ఒంటి మీద వేసుకున్నప్పుడు, ఆ ఒక్కసారే, బయటికొస్తుంది. అదే వాడలోని కురుమూర్తి ఇంట్లో నేసిన చీరను రాయచూరు పెండ్లిలో కడితే, సరిగ్గా తాళి కట్టేవేళకు "మల్ల కరెంటు పాయె, వీళ్ళ బొందల మన్నువడ" అని పలికింది. అయ్యగారు మంత్రం మళ్ళీ మొదటినుంచి చదివాడు. కురుమూర్తి అప్పుడు నేర్చుకున్నదీ లేదు, ఇప్పుడూ లేదు.

బాలకిష్టయ్య ఇంటి చీరలు అట్ల కాదు. మగ్గం మీద ఇద్దరూ నోరు విప్పరు గనుక చీరా విప్పదు. దుకాణం వెంకట్రాములు వాటిని వేరే అలమారలో పెట్టి, ఇది బాలకిష్టయ్య చీరమ్మా, నోరు మెదపదు అని అమ్ముతాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా బాలకిష్టయ్య నెత్తి మీది తువ్వాల సర్దుకుంటాడు.

కొడుకు నరేందర్ బిడ్డ పూర్ణిమ ఆ మగ్గం పక్కనే పెరిగింది. అక్షరాలకంటే ముందు ఆ వేలి చప్పుళ్ళకు అర్థాలు నేర్చింది. కాలేజీకి పోయినంక ఫోనులోనే బాణీలు కట్టడం మొదలుపెట్టింది. తనతో చదివిన వనపర్తి శ్రవణ్ కుమార్ తీసే చిన్న సినిమాలకు సంగీతం ఆమెదే. గట్టు మండలం దిక్కు ఎండుచేలలో గాలిని, సోమశిలలో పడవ ఇంజను చప్పుడును పట్టుకొచ్చి బాణీలో కలిపేది. అట్లాంటి సినిమా ఒకటి చూసి హైదరాబాదులో గేములు తయారుచేసే కంపెనీ మేడమ్ ఫోన్ చేసింది. నీళ్ళల్లో మునిగిన ఊర్లో ఒక పిల్ల తనవాళ్ళను వెతుక్కుంటూ నడిచే ఆట అది.

పూర్ణిమ సంగీతం కట్టి పంపింది. మేడమ్ మెచ్చుకుని తిప్పి పంపింది. మార్చి పంపితే మళ్ళీ తిరిగొచ్చింది. నీళ్ళున్నాయి, ఊరుంది, మనుషులే లేరమ్మా అన్నది. సోమవారానికి కుదరకపోతే వేరేవాళ్ళకు ఇస్తామని మర్యాదగానే చెప్పింది. నరేందర్ కూడా మర్యాదగానే చెప్పాడు. ఇది కాకపోతే ఆత్మకూరులో మేనమామ జిరాక్స్ దుకాణం ఉంది, పోయి కూర్చోమన్నాడు.

శనివారం మధ్యాహ్నం పూర్ణిమ మైకు పట్టుకొని మగ్గం కాడికొచ్చింది. అప్పుడే కోసిన చీర తాత ఒడిలో ఉంది.

"తాతా, గీ చీర జర ఇయ్యవా? బుజాన ఏసుకొని జోడు కాడ మైకు పెడత."

"ఇండ్ల ఏముంటది బిడ్డా? ఏం లేకనే గద దీనికి పేరు."

"ఏం లేనిది గూడ ఎట్లుంటదో ఇనాలె గద."

మొండితనం ఎవరి నుంచి వచ్చిందో తెలుసు గనుక బాలకిష్టయ్య చీర ఇచ్చాడు. పూర్ణిమ దాన్ని బుజాన వేసుకొని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని, కళ్ళు మూసుకుంది. మొదట ముఖం మామూలుగానే ఉంది. తర్వాత ఏదో మీట తిప్పుతున్న చెయ్యి నిలిచిపోయింది.  చివరికి లేచి, తాత తువ్వాల పక్కకు జరిపి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టింది.

ముందు ఆయన ఎరిగిన నిశ్శబ్దమే వినిపించింది. తన నేత నిశ్శబ్దం. మనుమరాలు చప్పుడు పెంచే మీట ఇంకొంచెం తిప్పింది. అప్పుడు ఎవరో ఊపిరి తీశారు. పిలవబోయే ముందు మనిషి ఎదనిండా తీసుకునే ఊపిరి అది. నోరు తెరుచుకుంది, "అ" అనే దాకా వచ్చి ఆగింది. మింగిన చప్పుడు. నాడె తిరిగొచ్చిన ప్రతిచోటా మళ్ళీ అదే, పిలుపు దాకా వచ్చి వెనక్కి పోవడం. చిన్నప్పుడు కాలువ అవతలి గట్టు నుంచి అన్నా అని కేకేసే ముందు సాయన్న తీసుకునే ఊపిరే అది. బాలకిష్టయ్య హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు.

అంతట్లో రెండో ఊపిరి వినపడింది. పొట్టిది, బిర్రుగా ఉంది. "సా" దాకా వచ్చి అదీ మింగుడు పడింది. అది ఎవరిదో గుర్తుపట్టడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. తన గొంతును తాను బయటినుంచి ఎన్నడూ వినలేదు.

ఈ అంచు నుంచి ఆ కొంగు దాకా చీర పొడుగునా అదే. ఏటికి చెరొక ఒడ్డున నిలబడ్డ ఇద్దరు మనుషులు, పిలవడానికి తెరిచిన నోళ్ళు, నడుమ నీళ్ళు.

"నాకు కావాల్సింది ఇదే తాతా" అన్నది పూర్ణిమ. "గని నువ్వొద్దంటే పంప."

పంపితే ఏమైతదో ఆయనకు తెలుసు. బాలకిష్టయ్య చీర మూగది కాదని అందరికీ తెలుస్తుంది. వేరే అలమార పోతుంది. కురుమూర్తి వాడంతా నవ్వుకుంటూ తిరుగుతాడు. బాలకిష్టయ్య తువ్వాల విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అంచు పక్కన సాయన్న సంగతేమీ తెలియక నాడె పట్టుకొని కూర్చున్నాడు.

"పంపు" అన్నాడు బాలకిష్టయ్య. "పేరు ఎయ్యాల్సొస్తే వానిది గూడ ఎయ్యి. నా ఒక్కనిదే అంటే ఊకోను."

పూర్ణిమ తాను కట్టిన వాయిద్యాలన్నీ తీసేసింది. నీళ్ళు, ఆ రెండు ఊపిర్లు, అంతే ఉంచింది. సోమవారం మేడమ్ ఫోన్ చేసింది. ఎప్పుడు వస్తావమ్మా హైదరాబాదుకు అని అడిగింది. ఇప్పుడు ఆ ఆటలో పిల్ల ఒక్కొక్క తలుపు ముందు నిలబడగానే లోపల ఎవరో పిలవబోయి ఊపిరి తీస్తారు. అక్కడ ఆడేవాళ్ళ వేళ్ళు ఆగిపోతాయట. అది విని సినిమావాళ్ళు కూడా పూర్ణిమను పిలిచారు.

గద్వాలలో అనుకున్నట్టే అయింది. వెంకట్రాములు ఆ చీరలను అన్నింటితో కలిపేశాడు. కురుమూర్తి నవ్వుకుంటూ వచ్చాడు. ఆయనకు చక్కెర లేని చాయ్ ఇప్పించి పంపారు.

పూర్ణిమ ప్రయాణానికి మూట కట్టుకుంటున్న వారంలో మగ్గం మీద కొత్త చీర ఎక్కింది. నాడె అంచు దగ్గరికి పోయింది. బాలకిష్టయ్య వేలితో చెక్కను కొట్టబోయి ఆగాడు.

"సాయన్నా, అంచు వదులైంది. గుంజు."

సాయన్న చేతిలో నాడె నిలిచిపోయింది. పోగు గుంజాడు. ఒళ్ళూ అంచూ కలిసినచోట బొటనవేలితో మెల్లగా రాసి చూశాడు.

"కనపడ్తలేదే అన్నా" అన్నాడు, "జోడు."

 బాలకిష్టయ్య కాలికింది చెక్క తొక్కాడు. పడుగు విచ్చుకొని ఆ రెండు మాటలను లోపలికి తీసుకుంది.

ఆ చీర దుకాణానికి పోలేదు. పూర్ణిమ దాన్ని పెట్టెలో అన్నింటికంటే అడుగున పెట్టుకొని హైదరాబాదు బస్సెక్కింది. ఇప్పటిదాకా కట్టలేదు.