పది రాళ్ల లెక్క

పరుశురాంను కదలకుండా పడుకోమనడమంటే కోతిని కుదురుగా కూర్చోమనడమే. నలభై ఏళ్ల బతుకులో జ్వరమొచ్చినా పగటిపూట చాప పరిచిన పాపాన పోలేదు. అలాంటివాడు ఇరవై రోజులుగా బతుకుతెరువుకు వలసొచ్చిన ఖటోదరా బస్తీలోని ఒంటిగదిలో వెల్లకిలా పడి, పైకప్పు రేకులకు కొట్టిన మేకులు లెక్కపెడుతున్నాడు. కార్ఖానాలో నూలు చుట్టిన బరువైన ఇనుప భీము ఎత్తబోతే నడుము పట్టేసింది. నలుగురు పట్టుకొని ఇంటికి మోసుకొచ్చారు.

ఇంటికీ కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. అవతల పన్నెండేళ్లుగా అతను నడిపిన ఎనిమిది సాంచాలు, కరెంటు మగ్గాలు, ధడధడమంటూ గుడ్డ నేస్తుంటాయి. ఇప్పుడవి అంబదాస్ చేతిలో ఉన్నాయి. అంబదాస్ పరాయివాడేం కాదు, సిరిసిల్ల పక్కన తమ ఊరి పిల్లగాడే. కానీ కార్ఖానాలో పనులు పంచే రఘుపతి మాస్టర్ చాప పక్కన నిలబడి ఖరాఖండిగా చెప్పి పోయాడు.

"పున్నం దాక జూస్త పరుశురాం. గప్పటికి నువ్వు రాకుంటె గా ఎనిమిదీ అంబదాస్‌కే."

అప్పటినుంచీ పరుశురాం చెవులు గోడకే అతుక్కున్నాయి. మూడో సాంచా కీచుమంటే చాలు, పళ్లు కొరికేవాడు. "నూనె వెయ్యరా దొంగసచ్చినోడా! నా సాంచాను ఖతం జేస్తున్నడే వీడు!"

"లేసినవంటె కాళ్లిరగ్గొడత," అనేది భార్య జమున, ఒళ్లో చీర మీంచి తల ఎత్తకుండానే. ఆమె ఇంట్లోనే కూర్చొని చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తుంది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ మందులతో పాటు కసరత్తు కూడా నేర్పింది. వెల్లకిలా పడుకొని ఒక మోకాలు పొట్టదాకా తెచ్చుకోవాలి, పది లెక్కపెట్టి దించాలి. తర్వాత రెండో కాలు. ఆపైన రెండు మోకాళ్లూ మడిచి, నడుము కాస్త పైకెత్తి మళ్లీ పది. ఒక్కోటి పదిసార్లు, పొద్దునా సాయంత్రం. గల్లీలో మెల్లగా నడవాలి. నొప్పి లేస్తే ఆపేయాలి.

మీటరుకింతని కూలి తినేవాడికి పదిసార్లంటే ఎగతాళిగా తోచింది. పదికి ఇంత గుణముంటే వందకి ఎంత ఉండాలి? పున్నమికి ఇంకా పదిహేను రోజులే. జమున నీళ్లకు పోయినప్పుడల్లా వందేసి కొట్టాడు. నడుము బాగుపడకపోగా పిక్కదాకా నిప్పు పోసినట్టు మంట దిగింది. వెంటనే జమున ఆటో ఎక్కించి మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయింది.

"ఎలా చేస్తున్నావో చూపించు భాయ్," అంది డాక్టరమ్మ హిందీలో.

పరుశురాం మోకాలు ఎత్తాడు. "ఒకటిరెండుమూడునాలుగు..." రెప్పపాటులో పది అయిపోయింది, కాలు ధబ్బున కిందపడింది, రెండోది లేచింది.

డాక్టరమ్మ నోరు తెరిచింది. "ఆరామ్‌సే, భాయ్, ఆరామ్‌సే! ఎవరు తరుముతున్నారు?"

జమునకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఏందయ్యా ఇది! సాంచా దెబ్బకు దెబ్బ లెక్కవెడుతున్నవు గద!"

నిజమే. ఆసుపత్రిలో సాంచాలు లేవు, కానీ వాటి దెబ్బ అతని ఒంట్లో మోగుతూనే ఉంది. పన్నెండేళ్లలో అతను వేరే లెక్క నేర్చుకోలేదు.

ఇంటికొచ్చాక జమున చాప పక్కనే చీర పరిచింది. "ఇగ నువ్వు లెక్కవెట్టకు. నేను పది రాళ్లు అంటించేదాక కాలు దించొద్దు."

బంక చుక్క. రాయి. వేలితో అదిమి పట్టడం. అది ఆరాక ఇంకోటి. పరుశురాంకు ప్రాణం పోయినంత పనయింది.

"కావాల్ననే మెల్లగ అంటిస్తున్నవే నువ్వు!"

"తొందరవెడితె రాయి వంకర పడుతది, చీర వాపస్ వస్తది. నీ నడుం గూడ గంతే. ఊపిరి తీస్కో. మూడు."

రోజులు అలాగే నడిచాయి. మంట పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు ఎక్కి, అక్కడ చిన్న మొండి నొప్పిగా కూర్చుంది. పున్నమి నాటికి బిందె ఎత్తలేకపోయినా కాలువ గట్టుదాకా నడిచి రాగలిగాడు. అయితే గంటసేపు నిలబడితే నడుము గుంజుతోంది. ఎనిమిది సాంచాల మధ్య పన్నెండు గంటలు ఉరకడం ఈ నడుముతో అయ్యే పని కాదని అతనికి తెలుసు. చెప్పుకోవడానికి సిగ్గు, చెప్పకపోతే భయం. సాంచాలు లేని పరుశురాంను ఎవరు గుర్తుపడతారు?

"ఉరికి పాలు తాగేకంటె నిలవడి నీళ్లు తాగుడు నయం," అంది జమున. "నాలుగు సాంచాలే ఇయ్యుమని అడుగు."

పున్నమి పొద్దున కార్ఖానాలోకి అడుగుపెట్టాడు. ఆ ధడధడకు ఒళ్లంతా ఎగిరింది, కాళ్లు వాటంతటవే ఉరకబోయాయి. బలవంతాన మెల్లగా నడిచి మాస్టర్ ముందు నిలబడ్డాడు.

"నాకు నాలుగే ఇయ్యి మాస్టర్."

"నాలుగా?" రఘుపతి మాస్టర్ మొహం చిట్లించాడు. "ఎనిమిదన్న నడుపు, లేకుంటె ఇంట్లనన్న పండు. సగం మనిషితోని నేనేం జెయ్యాలె?"

 పరుశురాం వెనుదిరగబోతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"తక్కిన నాలుగు నేను జూస్కుంట మాస్టర్!" అంబదాస్.

మాస్టర్ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏమన్న జేస్కోండ్రి, గుడ్డ మాత్రం ఆగొద్దు," అని పోయాడు.

ఎనిమిదీ దక్కుతుంటే నాలుగు వదులుకుంటాడేమిటి వీడు? పరుశురాం తేరిపార చూశాడు. ఇరవై ఎనిమిదేళ్ల అంబదాస్ ఒక చేత్తో సాంచా పట్టుకొని, రెండో చెయ్యి నడుముకు ఆనించి నిలబడ్డాడు.

"అన్నా," చెవి దగ్గరికి వంగి అరిచాడు. "పది దినాల సంది నా నడుం గూడ గుంజుతున్నది. ఎవలకు జెప్పలె. వదిన నీతోని జేయిస్తున్నదంట గద, గా కాలెత్తుడేదో నాకు గూడ జర నేర్పవా?"

గోడ అవతల పడుకొని ఈ పిల్లగాణ్ని తిట్టిన తిట్లన్నీ పరుశురాంకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

చాయ్ వేళకు సాంచాల మధ్య దారిలో గోనెసంచి పరిచి అంబదాస్‌ను పడుకోబెట్టాడు. మోకాలు పొట్టదాకా వంచాడు. అంబదాస్ పెదాలు అప్పుడే సాంచా దెబ్బకు గబగబా కదులుతున్నాయి. పరుశురాం ఆ నోటి మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు లెక్కవెట్టకు, నేను పెడత. ఒక రాయి..."

"రాయేంది అన్నా?"

"నోర్మూసుకొని ఊపిరి తీస్కోరా," అన్నాడు పరుశురాం. ఊరంత చప్పుడులో తొందరపడకుండా ఆగి, అప్పుడు అన్నాడు. "రెండు."