గుమ్మంలో హవాయి చెప్పులు

అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా బుక్ క్లబ్ నెలకోసారి, శనివారం మధ్యాహ్నం, విజయశ్రీ ఇంట్లో జరుగుతుంది. ఆవిడ పెట్టే పునుగుల కోసమే వస్తామని మేమెవరం పైకి ఒప్పుకోం. మూడు నెలలుగా ఓ నార్వే క్రైమ్ నవల చదువుతున్నాం. అందులో ఓ పెద్దింటివాళ్ళు పనిమనిషిని బయటికి పోనివ్వకుండా దాచేస్తారు. గుమ్మంలో ఇంటివాళ్ళవి కాని చెప్పులు చూసి డిటెక్టివ్ ఆరా తీస్తుంది. మొదటి నెల ఆ ఘట్టం మీదే తెగ వాదించుకున్నాం.

ఈసారి మేధ మొహం చిట్లించింది. "హంతకుడెవరో చెప్పకుండా ఈ ఇమ్మిగ్రేషన్ చట్టాల గోలేంటి? క్రైమ్ నవల్లో పాలిటిక్స్ అవసరమా?"

నాకు ఒళ్ళు మండింది. "మరి నేరం ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

"జెనిఫర్, కూల్! పునుగులు చల్లారిపోతున్నాయ్," అని విజయశ్రీ నవ్వింది.

అప్పుడే నా కాళ్ళ దగ్గర నేలలో ఉన్న హీటర్ జాలీలోంచి సన్నగా కూనిరాగం వినబడింది. మా గుంటూరు చర్చిలో పాడే కీర్తన. ఈ ఇంట్లో అది తెలిసినవాళ్ళెవరూ లేరు. కిందికి వంగి, మెల్లగా తర్వాతి చరణం అందుకున్నాను. రాగం టక్కున ఆగిపోయింది. కాసేపటికి పల్లవి వణుకుతూ పైకొచ్చింది.

ఫోనొచ్చిందని చెప్పి లేచాను. గుమ్మంలో మా బూట్ల మధ్య అరిగిపోయిన హవాయి చెప్పులున్నాయి. బయట మంచు కురుస్తోంది.

"ఇవెవరివి, విజయశ్రీ?"

ఆవిడ తొంగి చూసింది. మొహం పాలిపోయింది. "పాతవి. డొనేట్ చేయాలి."

మేధ పుస్తకంలోకి తల దించుకుంది. నాకు చాలా భయమేసింది, విజయశ్రీని చూసి కాదు, కింద ఏం చూడాల్సొస్తుందోనని. చెప్పులు చేతిలోకి తీసుకుని బేస్‌మెంట్ తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ ఇవతలి వైపు ఉంది.

"జెనిఫర్, అటు వెళ్ళకు!"

గడియ తీశాను. మెట్ల కింద ఓ పెద్దావిడ నిలబడి ఉంది. చేతులకి పునుగుల పిండి ఎండిపోయి ఉంది. నన్ను కాదు, చెప్పుల్ని చూసింది.

"జ్ఞానమ్మనండి," అంది గుసగుసగా. "మీ కథ ఆ జాలీలోంచి విన్నానండి. అప్పట్నుంచి మీరొచ్చినప్పుడల్లా, వంటయ్యాక నన్ను కిందికి పంపేలోపు, చెప్పులు అక్కడ పెడుతూనే ఉన్నానండి. ఎవరూ చూళ్ళేదు. మీ పేరు జెనిఫరని విని, మన చర్చి పాట గుర్తుపడతారని ఇవాళ పాడానండి."