గట్టు మీద చెయ్యి

నేను ఒక నాపబండను. ఎర్రగుంట్ల దగ్గరి గనిలో పుట్టానని మనుషులు అంటారు గానీ, అక్కడ నేను పుట్టలేదు, నన్ను నిద్ర లేపారు, అంతే. భూమి కింద పొర మీద పొరగా పడుకుని ఉన్నవాళ్లం మేము. చీకటి తప్ప వేరే ఏదీ ఎరగం. గునపాలు దిగి నన్ను పై పొర నుంచి విడదీసినప్పుడు మొదటిసారి వెలుగు చూసి బెదిరిపోయాను. కోశారు, నునుపు పట్టారు, లారీ ఎక్కించారు. చివరికి ప్రొద్దుటూరులో ఓబులేసు కొత్తగా కట్టుకున్న ఇంట్లో పొయ్యిగట్టుగా కుదురుకున్నాను.

ఓబులేసు బట్టల అంగడిలో గుమాస్తా. చెడ్డమనిషేమీ కాదు. గుడ్డ ముట్టుకుని ఏ మిల్లుదో చెప్పేస్తాడు గానీ, సొంత ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుంటుందో చెప్పలేడు. అతని భార్య సుభద్ర చాలాకాలం నా మీదే వండి వార్చి, ఒక వేసవిలో జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఏడాది తిరిగాక బంధువులంతా కూర్చుని మాట్లాడి, నాగవేణిని తెచ్చి అతనికి కట్టబెట్టారు.

పాపం, ఆ పిల్ల అడుగుపెట్టింది పరాయి వంటింట్లో. ఏ గిన్నె తీసినా, ఏ లోటా ఎత్తినా అంచు మీద సుభద్ర పేరు చెక్కి ఉండేది. అన్నం తింటుంటే కంచం మీద ఆ పేరే. నాగవేణి ఆ అక్షరాలు గోడవైపు తిరిగేలా గిన్నెలు సర్దుకునేది. ఈ ఇల్లు ఎప్పటికైనా నాదవుతుందా అన్నదే ఆమె దిగులు.

ముసురు పట్టిన ఒక ఉదయం ఆమె నన్ను కడిగింది. తడి ఆరేకొద్దీ నేను బూడిదరంగులోకి తిరుగుతాను, అది నా స్వభావం. ఆ రోజు అంతటా ఆరింది గానీ, పొయ్యి పక్కన ఒకచోట ఆరలేదు. అక్కడ నల్లగా ఒక అరచెయ్యి తేలింది, ఐదు వేళ్లతో సహా. నాగవేణి చేతిలో గరిటె కింద పడింది.

ఆమె కేకకు ఓబులేసు పరుగెత్తుకొచ్చాడు. వంగి చూశాడు. కళ్లనిండా నీళ్లు తెచ్చుకున్నాడు.

"ఇది సుభద్ర చెయ్యేమే. పాలు పొంగేదాకా పొద్దున్నే ఈడనే చెయ్యి ఆనించి నిలబడుకోని ఉండేది" అన్నాడు.

చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అన్నారా? పాలు పొంగే వేళకు ఆయన ఏ రోజూ లేచిన పాపాన పోలేదు. ఆ చెయ్యి సుభద్రది కాదు. అది ఎవరిదో నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ?

నాగవేణి నన్ను సోడాతో రుద్దింది, చింతపండుతో తోమింది, బూడిద చల్లింది. తడిగా ఉన్నంతసేపూ ఏమీ కనపడదు. ఆరగానే చెయ్యి పైకి తేలుతుంది. పాత కాగితం పరిచి కప్పింది. కాగితం మీద కూడా అదే ఆకారం తేలింది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నా ముందు నిలబడి చేతులు జోడించింది.

"అక్కా, నీ సంసారం నేను లాక్కోలేదు. పిలిస్తేనే వచ్చినా. నన్ను ఉండనియ్యి అక్కా" అంది.

బదులుగా ఏదైనా వినిపిస్తుందేమోనని అలాగే నిలబడింది. ఆమె గుండె కొట్టుకోవడం గట్టుకు ఆనిన పొట్ట ద్వారా నాకు తెలుస్తూనే ఉంది. ఊరడించాలనిపించింది. రాయిని, ఏం చేయను?

చెయ్యి రోజురోజుకూ ముదిరింది. చివరికి ఆమె మొగుడితో తెగేసి చెప్పింది.

"ఆ బండన్నా ఉండాల, నేనన్నా ఉండాల. లేదంటే మా అమ్మోళ్లింటికి పోతా."

మర్నాడే బండల బాషా గోనెసంచిలో నమూనా ముక్కలు మోసుకొచ్చి వరసగా నా మీదే పేర్చాడు. నా బదులు వచ్చేవాళ్లకు నా ఒళ్లోనే పెళ్లిచూపులన్నమాట. మనుషులకు ఇలాంటివి తప్పుగా తోచవు. సుభద్ర నగలు నాగవేణి మెళ్లో వేసినప్పుడు కూడా ఎవరికీ తప్పుగా తోచలేదు.

నాగవేణి ధర అడగలేదు, రంగు అడగలేదు. ఒక్కొక్క ముక్కనూ చూపి ఒకటే ప్రశ్న వేసింది.

"బాషా అన్నా, దీని మీద చెయ్యి అచ్చు పడతాదా?"

బాషా తల గోక్కున్నాడు. "గ్రానైట్ గట్టిది మా, అంత సులభంగా పడదు. ఈ నల్లది బాగుంటాది."

"నలుపు వద్దు."

"అయితే మార్బుల్ చూడు. తెల్లగా ఉంటాది గానీ పసుపు పడితే పోదు మా, నిమ్మకాయ పిండితే ఆ పులుపు బండనే తినేస్తాది."

"అంటే అది కూడా పట్టుకుంటాది. వద్దు."

చివర్న, రాతిపొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో అచ్చుపోసిన క్వార్ట్జ్ ముక్క తీశాడు. దాని మీద పసుపునీళ్లు పోసి, కాసేపు ఉంచి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. పాలలా తెల్లగా మెరిసింది.

"చూడు మా, దీనికి ఏదీ అంటదు. ఎన్నేండ్లు వండినా, ఈ ఇంట్లో ఎవరూ వండలేదు అన్నట్టే ఉంటాది."

"ఇదే కావాల" అంది నాగవేణి.

ఆ ముక్క నా మీద ఉన్నంతసేపూ దాన్ని పలకరించాలని చూశాను. రాయికీ రాయికీ మధ్య ఏదో ఒకటి వినపడుతుంది. దాని లోపల ఏమీ వినపడలేదు. అక్కడ చీకటి కూడా లేదు. గని వదిలాక నాకు మొదటిసారి భయం వేసింది.

నన్ను పగలకుండా పెకలించి పెరటి గోడకు ఆనించారు. లోపల తెల్లగట్టు వెలిసింది. నాగవేణి నవ్వు విన్నాను. నాలుగు రోజులు నిశ్చింతగా గడిచాయి. ఆ తర్వాత వాన పడింది, ఎండ కాసింది, నేను ఆరాను. బట్టలు ఆరేయడానికి వచ్చిన నాగవేణికి ఎదురుగా గోడ దగ్గర ఆ చెయ్యి నిలబడి ఉంది.

వెంటనే బాషాకు కబురు వెళ్లింది. అతను తోపుడుబండి తెచ్చాడు. నడుం పట్టేసిందని ఓబులేసు పెరటి అరుగు దిగలేదు.

"నేను కింద గోనె పరుస్తా. బండ మీద పడకుండా రవ్వంతసేపు చెయ్యి ఆనించు మా" అన్నాడు బాషా.

నాగవేణి మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, అరచెయ్యి నాకు ఆనించింది. ఆనించిన చెయ్యి ఆ మరక మీదే పడింది. వేలికి వేలు, సందుకు సందు సరిపోయింది. ఆమె కళ్లు తెరిచింది. చెయ్యి తీసి చూసుకుంది, మళ్లీ పెట్టింది.

అవును తల్లీ, అది నీదే. చేతుల పగుళ్లకు రోజూ కొబ్బరినూనె రాసుకుని పడుకునేదానివి. పొద్దున్నే నిద్రమత్తులో, పాలు పొంగేదాకా నా మీద వాలి నిలబడేదానివి. నువ్వు భయపడింది మెలకువలో. చెయ్యి ఆనించింది మత్తులో.

నాగవేణి నవ్వుతుందనుకున్నాను. ఆమె అరుగు వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"ఏమయ్యా, అక్క నిజంగా యాడ నిలబడేది?"

"ఆ పొయ్యి పక్కనే..." అన్నాడు ఓబులేసు. "కాదు, కిటికీ దగ్గర. కిటికీ దగ్గరేనా?" కాసేపు ఆకాశం వంక చూశాడు. "యాడో ఒకచోట నిలబడేది లేమ్మే. ఎవరు చూసినారు?"

నాగవేణి రెండు చేతులతో నన్ను తడమడం మొదలుపెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకు, అంచులు, మూలలు, కూర తరిగే చోటు. దేనికోసమో నాకు అర్థమైంది. కానీ సుభద్ర చుక్క పడగానే తుడిచేసే మనిషి. నూనె ఇంకనిచ్చేది కాదు, పసుపు నిలవనిచ్చేది కాదు. అంతకాలం నా ముందే బతికిన మనిషిది నా దగ్గర ఒక్క గీత కూడా లేదు. తడిమి తడిమి నాగవేణి వేళ్లు నాకంటే చల్లబడ్డాయి.

"బండ ఈడనే ఉండనీ అన్నా" అంది. బాషా ఖాళీ బండి తోసుకుంటూ పోయాడు.

నేను ఇప్పటికీ ఆ గోడకే ఆనుకుని ఉన్నాను. లోపల ఆమె తెల్లగట్టు మీద వండుతోంది. దానికి ఏదీ అంటడం లేదు. వాన వెలిసి నేను ఆరే వేళకు ఆమె పెరట్లోకి వస్తుంది. తన చేతి గుర్తు వంక చూడదు. దాని పక్కనున్న ఖాళీ బండనే చూస్తూ చాలాసేపు నిలబడుతుంది.