నీళ్ళు పోసే చెయ్యి

కోరుట్లలో మా గల్లీలో పుట్టిన ఎవరినైనా పట్టుకుని అడగండి, నీకు మొదట నీళ్ళు పోసింది ఎవరని. శంకరవ్వ అంటారు. అంటే నేనే. చేస్తున్న బీడీల చాట పక్కన పెట్టి, చీర మోకాళ్ళ పైకి దోపి, పీట మీద కాళ్ళు చాపి కూర్చున్నానంటే, ఎంత ఏడుపుగొట్టు బిడ్డయినా నా పిక్కల మీద నిద్రపోవలసిందే. నలుగు పెట్టడం, ముక్కు దిద్దడం, తల గుండ్రంగా వచ్చేలా అదమడం, చివరికి చెవుల్లో, ముక్కులో ఉఫ్ ఉఫ్ అని ఊది నీళ్ళు పోగొట్టడం. ఆ ఊదడం అందరికీ చేతకాదు. ఎక్కువైతే బిడ్డ ఉలిక్కిపడుతుంది, తక్కువైతే నీళ్ళు లోపలే ఉంటాయి. నా తల్లి నాకు నేర్పింది.

అలాంటి నాకు జగిత్యాలలో ఒక డాక్టరమ్మ పాఠం చెప్పింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు ఆమెకు.

నా బిడ్డ సౌమ్యను సిరిసిల్లలో ఇచ్చాం. అల్లుడు సాగర్ అక్కడ సాంచాలు, అదే మరమగ్గాలు, నడుపుతాడు. తొలుచూరు కాన్పని సౌమ్య మా ఇంటికి వచ్చింది. ఇంకా నెల ఉందనగా చూపించడానికి జగిత్యాల తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అన్నీ చూసి, వానాకాలం కదా, ఫ్లూ టీకా వేసుకోమంది. సౌమ్య మారు మాట్లాడకుండా చెయ్యి చాపింది. ఆ తరువాత డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వెయ్యలేమమ్మా. చుట్టూ ఉన్నవాళ్ళే వేసుకోవాలి. బిడ్డకు స్నానం ఎవరు చేయిస్తారు?"

"ఇంకెవలు? నేనే," అన్నాను. ఆ మాట నేను కొంచెం గట్టిగానే అంటాను ఎప్పుడూ.

"ముక్కులో, చెవిలో ఊదుతారా?"

"ఊదక? నీళ్ళు లోపల్నే ఉండాల్నా?"

"ఊదకండి. మీకు ఫ్లూ వస్తే నాలుగు రోజుల జ్వరం, పోతుంది. నెల బిడ్డకైతే ఊపిరి అందదు. మీరు టీకా వేసుకోండి. ఒంట్లో పని చేయడానికి రెండు వారాలు పడుతుంది. ఇప్పుడైతే టైముంది."

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందంటే ఇదే. "నీకు గూడ చిన్నప్పుడు ఎవలో ఒకలు ఊదే ఉంటరు డాక్టరమ్మా. మంచిగనే పెద్దగైనవ్ గదా," అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. నవ్వింది. "నిజమే. పెద్దగయినవాళ్ళే కదమ్మా ఇట్లా ఎదురుగా కూర్చుని మాట్లాడేది," అంది.

నాకు చురుక్కుమంది. సౌమ్య చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

బస్సులో సౌమ్య కిటికీ వైపు చూస్తూ మెల్లగా అంది. "అమ్మా, నువ్వు సూది ఏసుకుంటేనే పిల్లను నీ చేతికిస్త."

"ఇయ్యకుంటే ఏడికి పోతవే?"

"సిరిసిల్ల పోత. మా అత్తమ్మ ఏసుకున్నది. ఆయనకు గూడ ఏపిచ్చింది."

ఒక్క క్షణం నాకు బస్సు చప్పుడు వినపడలేదు. తొలుచూరు కాన్పుకు బిడ్డను తల్లిగారింటి నుంచి వెనక్కి తీసుకెళ్ళడమా! గల్లీలో అందరి పిల్లలకూ నీళ్ళు పోసి, సొంత మనవరాలికో మనవడికో నేను పొయ్యకపోవడమా! నలుగురిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? "పో, రేపే పో," అన్నాను. నోరు నాది అలాంటిది. తరువాత ఏడ్చేదీ నేనే.

ఇంటికొచ్చాక మా ఆయన పోశం సంగతంతా విని, చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుని అడిగాడు. "ఏమే, సూదికి భయమైతున్నదా?"

"నాకా? ముగ్గుర్ని కన్నదాన్ని. సూదికి భయపడుతనా?"

"మరింక ఏసుకోరాదు. ఒడిసిపోతది."

చాట ముందర వేసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టాను.

జవాబు లేక కాదు. ఉంది. చెప్పడానికి నోరు రాలేదు, అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఊదొద్దని డాక్టరమ్మ అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా ఎదురింటి లత కూతురు కళ్యాణి.

నిరుడు ఇదే వానాకాలం. కళ్యాణికి ఇరవై నాలుగో రోజు. నాకు రెండు రోజుల నుంచి జ్వరం, దగ్గు, ఒళ్ళంతా సలుపు. వేరే ఎవరినైనా పంపొచ్చు. కానీ నీళ్ళు పోసే చెయ్యి నలభై రోజుల దాకా మారకూడదని మా దగ్గర ఒక పట్టింపు. చెయ్యి మారితే బిడ్డ ఒళ్ళు కుదరదంటారు. నేను గోలీ వేసుకుని, మిరియాల కషాయం తాగి, లత ఇంటికి పోయి నీళ్ళు పోశాను. ఎప్పటిలాగే ముక్కులో ఊదాను. మూడో రోజు పిల్ల పాలు తాగలేదు. డొక్కలు ఎగరేస్తూ ఉంటే కరీంనగర్ తీసుకుపోయారు. ఆరు రోజులు గాజు పెట్టెలో పెట్టి ముక్కుకు గొట్టం పెట్టారు. లత భర్త నరేందర్ దుబాయ్‌లో ఉన్నాడు. లత ఒక్కతే ఆస్పత్రి వరండాలో కూర్చుంది. నేను కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. చలిగాలి తగిలిందని గల్లీ అంతా అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

కళ్యాణి బతికి ఇంటికొచ్చింది. ఇప్పుడు గోడలు పట్టుకుని అడుగులేస్తోంది. కానీ నేనిప్పుడు సూది వేసుకుంటే, అప్పుడు ఆ పిల్లకు అంటించింది నేనేనని ఒప్పుకున్నట్టే కదా? ఎవరికీ చెప్పకపోయినా నాకు నేను ఒప్పుకున్నట్టే. అదీ నా భయం. సూది ముల్లు ఏపాటిది!

పది రోజులు సౌమ్యకూ నాకూ మాటల్లేవు. అన్నం ముందర పెడితే తింటుంది, గిన్నె కడిగి బోర్లిస్తుంది. పదకొండో రోజు, గురువారం పొద్దున, సాగర్ ఫోన్ చేశాడు. శుక్రవారం కారు మాట్లాడుకుని వస్తానని చెప్పాడు. సౌమ్య బట్టలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. పుట్టబోయే బిడ్డ కోసం నా పాత నూలు చీరలు చింపి మెత్తగా ఉతికిపెట్టిన గుడ్డలున్నాయి. వాటిని మాత్రం మంచం మీదే వదిలేసింది. నేను కొంచెం సేపు ఆ గుడ్డలనే చూశాను. తరువాత లేచి లత ఇంటికి పోయాను.

లత బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి పీట వేసింది. నేను కూర్చోలేదు.

"లతా, ఒక్కటడుగుత. ఉన్నదున్నట్టు చెప్పు. నిరుడు కళ్యాణికి జరం నా వల్లనే అచ్చిందా?"

చాట ఆగింది. లత తల ఎత్తలేదు.

"నాకెరుకే పెద్దమ్మా," అంది.

"ఎరుకా? ఎప్పటి సంది?"

"అప్పటి సందే. కరీంనగర్ల డాక్టర్ అడిగిండు. ఇంట్ల ఎవలకన్న దగ్గు, జరం ఉన్నదా, పిల్లను దగ్గర పట్టుకున్నరా అని. ఎవలకు లేదన్న."

"అబద్ధం ఎందుకు జెప్పినవే?"

"నిజం జెప్తే గల్లీల ఏ తల్లన్న నీ కాళ్ళ మీద పిల్లను ఏస్తదా? నాకు తల్లి లేకపాయె. నా పురుడు నీ చేతుల మీదనే అయ్యె. నిన్నెట్ల పట్టియ్యాలె?"

ఆ పీట మీదే కూలబడ్డాను. ఆరు రోజులు ముక్కుకు గొట్టం ఉన్న పిల్లను చూసుకుంటూ లత నా పరువు కాపాడిందా! నేనేమో చలిగాలి, చలిగాలి అని గల్లీ అంతా చాటింపు వేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

లత బియ్యంలో రాళ్ళేరుతూ, నా ముఖం చూడకుండా ఇంకో మాట అంది. "ఒక్కటి మాత్రం దాస్త లేను పెద్దమ్మా. ఇంకోటి పుడితే నిన్ను పిలువాల్నా ఒద్దా అని మస్తు సార్లు అనుకున్న. ఇంకా తెల్వది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తప్పు ఆమెది కాదు.

"నువ్వు ఏసుకున్నవా గా ఫ్లూ సూది?" అని అడిగాను.

"వానలు మొదలుగాక ముందే ఏసుకున్న. కరీంనగర్ డాక్టరే జెప్పిండు, ఏడాదికోసారి ఏసుకోమని."

లేచాను. ఇంటికి కూడా పోలేదు. అటు నుంచి అటే బస్టాండ్ దగ్గరి డాక్టర్ దగ్గరికి నడిచాను. సూది వేసే నర్సు నా రవిక చెయ్యి పైకి మడిచి, "భయమైతే అటు చూడు అవ్వా," అంది. "నువ్వు సూడు అటు, నేనెందుకు సూడాలె," అన్నాను. గల్లీ వాళ్ళంతా వచ్చి చూసినా నేను తల తిప్పేదాన్ని కాదు ఆ రోజు. చీమ కుట్టినంత సేపు పట్టలేదు. దీనికా నేను పదకొండు రోజులు పోగొట్టింది!

ఇంటికొచ్చి సౌమ్య ముందర భుజం చూపించాను. చిన్న దూది అతుక్కుని ఉంది. సౌమ్య సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. మర్నాడు కారేసుకుని వచ్చిన సాగర్ కోడికూర తిని, ఒక్కడే వెనక్కి పోయాడు. ఆ రాత్రి భుజం సలిపింది. పోశం కొబ్బరినూనె గిన్నె పట్టుకొచ్చి, "ముగ్గుర్ని కన్నదానివి, గింతకే మూలుగుతున్నవేందే," అని వెక్కిరిస్తూనే రాశాడు.

బిడ్డలు మన లెక్కలు వింటారా? చెప్పిన తారీఖుకు ఇంకా రోజులుండగానే, నేను సూది వేసుకున్న ఆరో రోజే సౌమ్యకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. నల్లటి జుట్టు, కోపంగా ముడిచిన మూతి. అచ్చం నా మూతే. నా సూదికి తొమ్మిదో రోజున ఇంటికి తెచ్చాం.

సౌమ్య నా ముఖం వైపు చూసింది. ఆమె అడిగేలోపే నేనే చెప్పాను. "రెండు వారాలు నిండలే బిడ్డా. ఇంక అయిదు రోజులున్నది. నీళ్ళు పొయ్యనీకి లతను పిలుస్త."

"చెయ్యి మారితే ఏం గాదా?" అంది సౌమ్య.

"మారనీ," అన్నాను.

చెప్పడం తేలికే. మూతికి గుడ్డ కట్టుకుని గడప దగ్గర కూర్చుని, లత కాళ్ళ మీద నా మనవరాలు ఉంటే చూడటం ఉంది చూశారూ, అది నా శత్రువుకు కూడా వద్దు. "మెడ పట్టు! నీళ్ళు గట్ల గుమ్మరిస్తరా? ఏందే, గిన్నెలు తోముతున్నవా?" అని అరిచేదాన్ని. "పెద్దమ్మా, సూది భుజానికి గాదు, నీ నోటికి ఏపియ్యాల్సింది," అనేది లత. లోపలి నుంచి సౌమ్య పకపకా నవ్వేది. అయిదు రోజులూ నోరు ఆగలేదు. కానీ గడప దాటలేదు.

ఆరో రోజు పొద్దున పీట వేసుకుని కాళ్ళు చాపాను. నాతోపాటు బీడీలు చేసే ఆడవాళ్ళంతా చాటలు అరుగు మీద వదిలేసి వెనక వాకిట్లోకి వచ్చారు, శంకరవ్వ మనవరాలి తానం చూడాలని. అందరిలోకీ పెద్దదైన సత్తవ్వ ముందర కూర్చుంది. లత కళ్యాణిని చంకనేసుకుని గోడకు ఆనుకుంది. సౌమ్య బిడ్డను తెచ్చి నా కాళ్ళ మీద పెట్టింది. ఎంత బరువని, పావురం పిల్లంత. నలుగు పెట్టాను. కాళ్ళూ చేతులూ సాగదీశాను. నీళ్ళు పోశాను. పిల్ల కిమ్మనలేదు. నా చెయ్యి నాకు తెలుసు కదా!

నీళ్ళు అయిపోయాయి. తల వంచాను. పెదవులు వాటంతట అవే గుండ్రంగా అయ్యాయి. ఇన్నేళ్ళ అలవాటు మరి. అక్కడే ఆగాను. ముఖం పక్కకు తిప్పుకుని, మెత్తటి గుడ్డ కొసతో చెవులు అద్దాను, ముక్కు చుట్టూ తుడిచాను.

"ఏమే శంకరవ్వా, ఊదుడు మర్శిపోయినవా?" అంది సత్తవ్వ.

నేను నోరు తెరిచేలోపే లత అందుకుంది. "దవాఖానోళ్ళు ఒద్దన్నరట, గంతే..."

మళ్ళీ నన్ను కాపాడుతోంది! ఇంకెన్నాళ్ళు కాపాడాలి నన్ను ఈ పిల్ల?

"నువ్వాగు లతా," అన్నాను. "మర్శిపోలే సత్తక్కా. నిరుడు నాకు జరం ఉండంగ కళ్యాణి ముక్కుల ఊదిన. చలిగాలి గాదు, ఏం గాదు. నా జరమే పిల్లకు అంటింది. నా చేతులారా దాన్ని గాజు పెట్టెల పెట్టిచ్చిన. గందుకే సూది ఏసుకున్న. ఇగ ఎవ్వల పిల్లకు ఊద. గిది ఎరుకై గూడ మీ పిల్లలకు నన్ను పిలుస్తరో, పిలువరో, మీ ఇష్టం."

సత్తవ్వ చూపు కళ్యాణి మీదికి పోయింది, అక్కడి నుంచి నా చేతుల మీదికి వచ్చింది. ఇంకో ఇద్దరు లేచి కొంగులు దులుపుకుని అరుగు మీదికి పోయారు. పోతే పోయారు. నా కాళ్ళ మీద పిల్ల తడి ఒంటితో ఉంది, చలి పెడుతుంది. తువ్వాల కోసం చెయ్యి చాపాను.

తువ్వాల అందించింది లత. అందిస్తూ అందరికీ వినపడేలా అంది.

"పెద్దమ్మా, నాకు మూడో నెల. ఆయన ఎండాకాలం అచ్చిపోయిండు గదా."

నేను ఆమె ముఖం చూశాను.

"నాకు గూడ నువ్వే నీళ్ళు పొయ్యాలె," అంది లత. "కాన్పు చలికాలం ఎల్లినంక. గప్పటికి నీ సూది పని జేస్తదో లేదో డాక్టర్‌ను అడుగు. మల్ల ఏసుకోవాల్నంటే ఏసుకో."

తువ్వాల అందుకుని పిల్ల ఒళ్ళు తుడిచాను.

"ఏసుకుంట బిడ్డా," అన్నాను. మనవరాలికి తువ్వాల చుట్టి, సౌమ్య చేతికిచ్చాను.