అక్క రాసిచ్చిన నలభై జవాబులు

మా చెల్లి మొగుడికి నేను పెట్టిన పేరు నిచ్చెన. మనిషి అంత పొడుగు మరి. లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటారు. వేరే దేశం వాడు. పెళ్ళయి ఏడాదిన్నరయినా ఇక్కడ ఉండిపోవడానికి అనుమతి కాగితం రాలేదు, ఉన్న గడువేమో నెలాఖరుకి తీరిపోతోంది. ఆ కాగితం ఇచ్చే ముందు మొగుడూ పెళ్ళాల్ని చెరో గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారట. నిజంగా కాపురం చేస్తున్నారా, కాగితం కోసం పెళ్ళి నాటకమాడారా అని తేల్చడానికి.

"కాగితం ఇవ్వం పొమ్మంటే ఏం చేస్తావే?" అనడిగాను చెల్లిని.

"ఆయనతో పాటు వెళ్ళిపోతానక్కా. ఇంకేం చేస్తాను?"

అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు. జడలేసి, బడికి పంపి, ఈ కుట్టుపని మీదే పెంచాను దాన్ని. ఇప్పుడు నాకు పేరే నోరు తిరగని ఊరికి పోతుందా? చచ్చినా పోనివ్వననుకున్నాను.

నాది దర్జీ కొట్టు. చొక్కాకి రెండు చేతులూ ఒకేలా రావాలంటే గుడ్డను మడతపెట్టి ఒకేసారి కత్తిరిస్తాం. ఆ తెలివే ఇక్కడా చూపించాను. నలభై ప్రశ్నలు, నలభై జవాబులు నోటుబుక్కులో రాసి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి పదిరోజులు బట్టీ పట్టించాను. టీలో చక్కెర? ఒకటిన్నర చెంచా. మంచం మీద ఎవరెటు? ఆయన కిటికీ వైపు, ఆమె గోడ వైపు. చివరిసారి ఎప్పుడు పోట్లాడుకున్నారు? మేమెప్పుడూ పోట్లాడుకోలేదండీ.

"వదినా, నిన్ననే కదా పోట్లాడుకున్నాం?" అన్నాడు నిచ్చెన.

"నోర్మూసుకుని రాసింది చదువు," అన్నాను.

ఇంట్లోవాళ్ళు ఒకరు సాక్షిగా రావాలంటే నేనూ వాళ్ళతో ఆ ఆఫీసుకి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలో గంటసేపు కూర్చున్నాక నన్ను లోపలికి పిలిచారు. అధికారిణి కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. ఆవిడ ముందు రెండు కాగితాలు.

"నలభై జవాబుల్లో ఒక్క మాట తేడా లేదండీ," అంది. "మా ఇంట్లో అయితే చక్కెర డబ్బా ఎక్కడుందంటే నేనొక చోటు చెబుతాను, మా ఆయనొక చోటు చెబుతాడు. ఎవరు రాసిచ్చారని అడిగితే ఒకరు అక్క అన్నారు, ఒకరు వదిన అన్నారు. తేడా వచ్చింది అక్కడొక్కచోటే."

అయిపోయింది, చేతులారా ముంచాను దాన్ని అనుకున్నాను.

"వీళ్ళు కలిసి బతుకుతున్నారని నేనెలా నమ్మాలి?" అందావిడ.

దాంతో నాకు ఒళ్ళు మండింది.

"నమ్మరా? అయితే వినండి. ఆ మహానుభావుడు తడి తువ్వాలు తెచ్చి నా మిషను మీదే ఆరేస్తాడు. ఆయన పనికి బయల్దేరితే, వీధి మలుపు తిరిగేదాకా మా చెల్లి గుమ్మంలోంచి కదలదు. లోపల పాలు పొంగిపోతాయి. రోజూ ఆ పొయ్యి తుడిచేదెవరు? నేను! దీనికి జ్వరమొస్తే లిఫ్టు సగం విప్పేసి పరిగెత్తుకొచ్చాడు. ఆ మేడవాళ్ళు మా ఇంటికొచ్చి తిట్టిపోశారు. మొన్న ఫ్యాను వెయ్యాలా ఆపాలా అని గంటసేపు కొట్టుకున్నారు. మాటలు మానేశారు. మానేసి కూడా ఒకే పళ్ళెంలో తిన్నారండీ, సిగ్గులేకుండా!"

ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"పోట్లాడుకోరని రాయించారుగా?"

"అది నా అబద్ధం. శిక్షేదో నాకు వెయ్యండి. అతన్ని పంపించేస్తే ఇదీ వెళ్ళిపోతుంది. ఇది లేకుండా నేనుండలేనమ్మా." అంతవరకే అనగలిగాను.

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నావైపు జరిపి, వాళ్ళిద్దర్నీ మళ్ళీ విడివిడిగా పిలిపించింది. ఈసారి ఫ్యాను సంగతి అడిగిందట. తప్పు అవతలి మనిషిదేనని ఇద్దరూ చెరో గదిలో గట్టిగా వాదించారు. వరండాలో కూర్చున్న నాక్కూడా వినిపించింది.

పన్నెండు రోజులకి కాగితం వచ్చింది. చెల్లి నన్ను వాటేసుకుని ఏడ్చింది. నిచ్చెన కాగితాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. ముందు నాకు సంబరంతో కాళ్ళు నిలవలేదు. తర్వాత చెల్లి నెమ్మదిగా అంది.

"అక్కా, చిరునామా మారిస్తే దరఖాస్తు మళ్ళీ మొదటికొస్తుందని ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాం. ఇప్పుడు వేరే ఇల్లు చూసుకుంటాం."

"ఎక్కడే?"

"రెండు వీధుల అవతలే."

దేశం దాటకుండా ఆపాను గానీ, గుమ్మం దాటుతుందని నాకు తట్టనే లేదు. "వెళ్ళండి, వెళ్ళండి, నాకూ కాస్త ఊపిరాడుతుంది," అని పైకి నవ్వాను.

ఆదివారం పొద్దున సామానంతా బండికెక్కించి సాగనంపి, వాళ్ళ గది ఊడ్చాను. ఊడవడానికి అక్కడేమీ లేదు. అయినా ఇంకోసారి ఊడ్చాను. తర్వాత తలుపుకి తాళం వేసి, కొత్తింటి కిటికీలకి పరదాల కొలతలు తీసుకోవాలని చెప్పులేసుకుని బయల్దేరాను. బండిలో సామాను ఇంకా దించి కూడా ఉండరని నాకు తెలుసు.