కుడిచెవి

కొమ్ము దిగిన తొడలోంచి జయరత్నం గడ్డిపోచలు ఏరుతున్నాడు.

సోమల నుంచి తెచ్చిన రైతు. పాడి ఆవు తిరగబడి పొడిచింది. గాయంలో నాలుగు వేళ్ళు పడతాయి. లోపల పేడ, మట్టి, చిరిగిన లుంగీ పీలిక. ఒక్కొక్కదాన్నీ ఫోర్సెప్స్‌తో పట్టి లాగి స్టీలు గిన్నెలో వేస్తున్నాడు. బల్ల మీది మనిషి అరిచి అరిచి గొంతు పోయి, ఇప్పుడు గాలి మాత్రం వదులుతున్నాడు.

"ఆవును కొట్టినావా?" అన్నాడు జయరత్నం, తల ఎత్తకుండా.

"కట్టెతో రెండేసినా. పాలు సేపలేదు."

"యాడ ఏసినావు?"

"మూతి మీద."

"ఊఁ."

అంతే. మళ్ళీ ఉప్పునీళ్ళు పోసి కడిగాడు. ఎర్రటి నీళ్ళు బల్ల అంచు నుంచి బకెట్లోకి కారాయి.

పుంగనూరు బస్టాండుకు రెండు వీధుల అవతల ఉన్న ఆ చిన్న మిషన్ దవాఖానాలో జయరత్నం డ్రెస్సరు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే గది, అదే బల్ల. కుప్పం దగ్గర రాళ్ళు కొట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాడు. మూడో తరగతిలో బడి వదిలాడు. ఇక్కడికి మొదట రక్తపు గుడ్డలు ఉతికే పనికి వచ్చి, తర్వాత కట్టు కట్టడం, ఆ తర్వాత కుట్టడం నేర్చాడు. ఇప్పుడు అరవై నాలుగు. మనిషి పొట్టి. వేళ్ళు మాత్రం ఒంటికి సరిపోనంత పొడుగు. స్పిరిట్‌కు ఎండి గోళ్ళ చుట్టూ తెల్లగా పగిలి ఉంటాయి. విరిగిన కళ్ళద్దాల కాడను కుట్లు వేసే నల్ల పట్టుదారంతోనే కట్టుకున్నాడు. బైబిలు వీపు ఊడితే దానికీ అదే దారం, అదే ముడి.

మాట తక్కువ. గాయాన్ని చూస్తే మాత్రం ఏ ఆయుధం, ఏ వైపు నుంచి, ఎంత కోపంతో అన్నది చెప్పేస్తాడు. కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదటి నెల నవ్వుతారు. రెండో నెల నుంచి అతన్ని అడిగే రాస్తారు.

రైతు తర్వాత అన్నదమ్ములిద్దరు వచ్చారు. బోరు నీళ్ళ దగ్గర తగాదా. తమ్ముడి మోకాలి కింద పార దిగి ఎముక తెల్లగా కనిపిస్తోంది. అన్నకు ముందుపళ్ళు రెండు లేవు. నరుక్కున్నవాళ్ళు ఒకే ఆటోలో వచ్చారు. బల్ల మీంచి తమ్ముడు, గుమ్మంలో రక్తం ఉమ్ముతూ అన్న, బూతులు మాత్రం ఆపలేదు.

"నోర్లు మూసుకోండప్పా," అన్నాడు జయరత్నం. "సూది వంకర పోతాది."

పదిన్నరకు పాస్టరు చిన్నప్ప రెండు గ్లాసుల టీతో వచ్చాడు. వార్డులో ప్రార్థన ముగించి, డ్రెస్సింగు గది మెట్ల మీద జయరత్నంతో కూర్చుని తాగడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. వాళ్ళిద్దరి తగవు కూడా అంతే పాతది. ఆ తగవు ఒక చెవి గురించి.

యేసును పట్టుకోవడానికి వచ్చిన గుంపులో ప్రధాన యాజకుడి దాసుడు ఒకడున్నాడు, మల్కు అని. యేసు శిష్యుడు పేతురు కత్తి దూసి వాడి కుడిచెవి నరికాడు. యేసు ఆ చెవిని ముట్టి బాగుచేశాడు. చదివేవాళ్ళు ఎవరూ అక్కడ ఆగరు. జయరత్నం అక్కడే ఆగిపోయాడు.

"రాత్రి మళ్ళా సదివినా," అన్నాడు. "సువార్త నలుగురు రాస్తే ముగ్గురు ఆ సెవిని నేలమీదనే వదిలేసి పోయినారు. లూకా ఒకడే బాగైనట్టు రాసినాడు. వైద్యుడు గదా, ఇడిసిపెట్టబుద్ధి కాలేదు."

"ఒకరు చూసింది ఇంకొకరు చూసిండరు. దానికేం?"

"కుడిసెవి అని ఇద్దరు రాసినారు. ఎదురుగా నిలబడి కుడిసేత్తో కొడితే తెగేది ఎడంసెవి. కుడిది తెగిందంటే ఎనకనించి ఏసినాడు. మల్కు వంగి యేసు సేతులు కడతాంటే, ఎనకనించి."

"పేతురుది ఎడమచేతి వాటం," అన్నాడు చిన్నప్ప. ముప్పై ఏళ్ళుగా అదే జవాబు. "అపొస్తలుడు ఎనకనించి కొడతాడా? అనేదానికి సిగ్గుండాల నీకు."

"భయపడినోడు ఎనకనించే కొడతాడు. నేను సూడని గాయమా."

"సరే, కానీ. మల్కు మారినాడా లేదా, అది చెప్పు."

"మారినట్టు రాసిండాదా?"

"పేరు రాసిండాది గదా! సంఘంలోకి రాకుంటే దాసుడి పేరు వీళ్ళకు ఎట్ల తెలిసింది?"

"మా రిజిస్టర్లో నరికినోడి పేరుండాది, నరికించుకున్నోడి పేరుండాది. వాళ్ళంతా నీ సంఘంలో ఉండారా?"

చిన్నప్పకు టీ పొరబోయింది. దగ్గు, నవ్వు కలిసి కళ్ళలో నీళ్ళొచ్చాయి. కండువాతో మూతి తుడుచుకుని గొంతు తగ్గించాడు. "మనుషులు మారకుంటే ఈ విశ్వాసం రెండువేల ఏండ్లు ఎట్ల నిలిచిందప్పా?"

జయరత్నం గ్లాసు అడుగున మిగిలింది పారబోశాడు.

"పుండు మానిందని ఎవరు సెప్పినారు? దినమూ ఎవరో ఒకరు కట్టు మారుస్తాండారు. అందుకే నిలిచిండాది. తనను కట్టేసే గలాటాలో ఆయన ఒక సెవి కోసరం ఆగినాడు. నాకు అది సాలు. మారేది మారంది మల్కు సూసుకోవల్ల."

అప్పుడే పాల ఆటో ఒకటి గేటులోంచి దూసుకొచ్చి గోడకు గుద్దుకుని ఆగింది. వెనక క్యాన్లు దొర్లాయి. అందులోంచి జెఫ్రీ దిగాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఊళ్ళ నుంచి పాలు తోలుతాడు, ఆదివారం చిన్నప్ప చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడు. తువ్వాలును తలకు అదిమిపెట్టుకున్నాడు. చొక్కా కుడివైపంతా తడిసి ఒంటికి అతుక్కుంది.

"నరికింది అయ్యగారూ! నా పెండ్లాం రాహేలు నన్ను నరికింది! దాన్ని ఈ పొద్దు సంపేస్తా!"

జయరత్నం తువ్వాలు తీశాడు. కుడిచెవి పైనుంచి మూడొంతులు తెగి, కింది తమ్మె మీద వేలాడుతోంది. గాటు వెనక వైపు లోతుగా మొదలై, ముందుకు వచ్చేసరికి పలచబడింది. చెవి వెనక ఎముక మీద కొడవలి గీత. చిన్నప్ప కూడా వంగి చూశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"బల్ల ఎక్కు," అన్నాడు జయరత్నం.

డాక్టర్ గీత వచ్చి చూసింది. వచ్చి రెండు నెలలే అయింది. "చెవి మీరే కుట్టండి. నాకంటే మీకే బాగా వస్తుంది," అంది.

మత్తుసూది వేసి మొదలుపెట్టాడు. చెవి లోపలి మెత్తటి ఎముకలోకి సూది పోకూడదు. పై చర్మాన్ని మాత్రం పట్టుకోవాలి. ఒక్కో కుట్టుకూ ఊపిరి బిగబట్టి, ముడి వేశాక వదులుతున్నాడు. కుడుతున్నంతసేపూ జెఫ్రీ చెబుతూనే ఉన్నాడు. దాని జుట్టు ఆటోకు కట్టి ఊరంతా ఈడుస్తాడట. కొడవలి పట్టిన చేతిని రాయి మీద పెట్టి చితకొడతాడట. ఆ మాటలకు జయరత్నం వేళ్ళు తొందరపడలేదు, ఆగలేదు. ఏడు కుట్లు. పూర్తయ్యాక రెండో చెవితో పోల్చి చూసి, ఆరో కుట్టు విప్పి మళ్ళీ వేశాడు.

జెఫ్రీని వార్డులో పడుకోబెట్టాక రాహేలు వచ్చింది. నడిచే వచ్చింది. తల్లి కుప్పమ్మ రెక్క పట్టుకుని ఉంది. రాహేలుకు ఆ బల్ల కొత్త కాదు. మూడుసార్లు అక్కడే కుట్టాడు జయరత్నం: ఒకసారి కనుబొమ, ఒకసారి పెదవి, ఒకసారి నడినెత్తి. మూడుసార్లూ ఆమె చెప్పినట్టే రిజిస్టర్లో తన కోడిగీతల అక్షరాలతో రాశాడు, మెట్ల మీద జారి పడినది అని.

ఈసారి ఎడమ కన్ను మూసుకుపోయింది. మెడ మీద బెల్టు బకిలు దిగిన గుర్తులు. కుడి మణికట్టు వాచింది. కుడి అరచేతి గీతల్లో రక్తం ఎండి నల్లబడింది.

తల్లిని బయట కూర్చోమని తలుపు మూశాడు. "సెప్పు."

"తెల్లార్నించి కొట్టినాడప్పా. అలిసిపోయినాడు. అలిసి, సంగటి పెట్టమన్నాడు. పెట్టినా." ఆమె గొంతులో ఏడుపు లేదు. "ఈపు నా దిక్కు పెట్టి తింటాండాడు. గడ్డికోసే కొడవలి ఆడనే ఉణ్ణింది. మెడ మీదికే ఏసినా. తల తిప్పినాడు, సెవికి తగిలింది. లేసి సెయ్యి మెలితిప్పి లాక్కున్నాడు."

"ఇంకెవరికన్నా సెప్పినావా?"

"లే."

"సెప్పొద్దు."

దూదిని ఉప్పునీళ్ళలో ముంచి ఆమె అరచెయ్యి కడిగాడు. గీత గీతా కడిగాడు. ఎర్రబడిన దూదిని బకెట్లో మిగతా దూది మీద వేశాడు. తర్వాత వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా బద్ద పెట్టి కట్టు చుట్టాడు. దాచడానికని కట్టు కట్టడం అతనికి అదే మొదటిసారి.

మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ దామోదర్ వచ్చాడు. డ్రెస్సింగు గదిలోనే కుర్చీ వేసుకున్నాడు.

"పెనుగులాటలో ఎదురుగా తగిలిందంటే ఒక మాదిరి కేసు డాక్టరమ్మా. తింటాండే మనిషిని ఎనకనించి ఏసిందంటే సంపేదానికి ఏసినట్టే. ఈయమ్మి లోపలికి పోతే ఎన్నేండ్లకు వస్తాదో దేవుడికి తెలియల్ల."

గీత కలం పట్టుకుని జయరత్నం వైపు తిరిగింది. "దెబ్బ ఏ వైపు నుంచి పడిందంటారు?"

గుమ్మంలో చిన్నప్ప నిలబడి ఉన్నాడు. పొద్దుటి టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చాడు.

"ఎదురుగా," అన్నాడు జయరత్నం.

"కుడిచెవి కదా?"

"ఎడంసేత్తో ఏసింది. కుడిసెయ్యి రాత్రే ఇరిసినాడు. వాపు రాత్రిదే. ఆ సేత్తో గంటె గూడా పట్టుకోలేదు."

వార్డులోంచి జెఫ్రీ లేచి వచ్చాడు. తల చుట్టూ తెల్ల కట్టు. "అబద్ధం! నేను తింటాండా సార్! ఎనకనించి ఏసింది!"

"ఈపున కండ్లుండాయా నీకు?" దామోదర్ రిజిస్టరు వెనక్కి తిప్పాడు. "మూడుసార్లు మెట్ల మీద జారి పడిందంట. మీది రేకుల ఇల్లు గదరా. మెట్లు యాడుండాయి? నాకూ సూపించు, ఎక్కి సూస్తా."

జెఫ్రీ దవడ కదులుతోంది.

"అయ్యగారూ, మీరు గూడా గాయం సూసినారంట గదా?" దామోదర్ గుమ్మం వైపు తిరిగాడు.

చిన్నప్ప గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. "గాయాల సంగతి జయరత్నానికి తెలుస్తాది," అన్నాడు. "నాకేం తెలుసు?"

గీత రాసింది. రాహేలు తల్లితో చౌడేపల్లెకు పోవచ్చని, రేపు పొద్దున స్టేషన్‌కు రావాలని, జెఫ్రీ సాయంత్రమే రావాలని చెప్పి దామోదర్ వెళ్ళిపోయాడు.

మెట్ల దగ్గర చిన్నప్ప మెల్లగా అడిగాడు. "అయితే పేతురు గూడా ఎడమచేత్తోనే అనుకోవచ్చునా?"

"లేదు. పేతురు ఎనకనించే. ఈయమ్మి కోసరం అబద్ధం సెప్పినా. పేతురు కోసరం సెప్పను."

జయరత్నం లోపలికి వచ్చి జెఫ్రీకి చీటీ రాశాడు. కుట్లు విప్పే చిన్న కత్తెరను కడిగి, స్పిరిట్ గిన్నెలో వేసి మూతపెట్టాడు. చీటీ చాచాడు.

"మంగళవారం రా. ఆలస్యమైతే కుట్ల గుర్తు పడిపోతాది. తడి తగలనియ్యొద్దు."

జెఫ్రీ చీటీ తీసుకోలేదు. "ఎనకనించి అని నీకు తెలుసు పెద్దాయనా."

"తెలుసు."

"తెలిసీ చెప్పినావు."

"మూడుసార్లు నీ కోసరం రాసినా, మెట్లని. ఇది నాలుగోది."

జెఫ్రీ అతని వైపే చూస్తూ వెనక్కి నడిచి బయటికి పోయాడు. జయరత్నం చీటీని కిటికీ పక్కన, స్పిరిట్ గిన్నె దగ్గర పెట్టాడు.

అయిదింటికి చౌడేపల్లె బస్సు. రాహేలు చేతికి కట్టు, కుప్పమ్మకు మోకాళ్ళ నొప్పి. జయరత్నమే వాళ్ళ గుడ్డల సంచి మోసుకుంటూ బస్టాండుకు వచ్చాడు. టమాటా బాక్సులు బస్సుపైకి ఎక్కించేదాకా నిలబడి, సంచి కిటికీలోంచి అందించాడు. "సెయ్యి పైకి పెట్టుకోమ్మా, కిందికి దించితే వాస్తాది," అన్నాడు. బస్సు కదిలింది. అతను దాని వైపే చూస్తున్నాడు.

జెఫ్రీ చెరుకురసం బండి వెనక నుంచి వచ్చాడు. ఆటోలో ఉండే జాకీ రాడ్డు రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్కటే దెబ్బ. పచ్చి కొబ్బరికాయ పగిలినంత చప్పుడు. జయరత్నం మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళద్దాలు ఎగిరి పడ్డాయి. రెండో దెబ్బకు రాడ్డు లేచేసరికి హమాలీలు జెఫ్రీ మీద పడ్డారు. కింద వేసి తన్నారు, ముఖం నేలకు రాశారు. తల కట్టు ఊడి మట్టిలో కలిసిపోయింది. చెవి మాత్రం ఊడలేదు. కుట్లు ఒక్కటీ తెగలేదు.

జయరత్నాన్ని అతని బల్ల మీదికే తెచ్చి పడుకోబెట్టారు. గీత అతని తలకు దూది అదిమిపెట్టింది. మదనపల్లె నుంచి అంబులెన్సు బయల్దేరిందని ఎవరో చెప్పారు. అతను చెయ్యెత్తి చెవి కింద వేలు అద్దుకుని, కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. రక్తంలో పలచటి నీళ్ళు.

"పుర్రె పగిలిండాది," అన్నాడు, ఇంకెవరి గాయం గురించో చెబుతున్నట్టు. తర్వాత, "బస్సు పోయిందా?"

"పోయిందప్పా," అన్నాడు చిన్నప్ప.

"ఊఁ."

అంబులెన్సు గేటులోకి తిరిగేసరికి గీత అతని మణికట్టు మీంచి వేళ్ళు తీసేసింది.

దామోదర్ మళ్ళీ వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కాగితం తీసి, ఎవరి ముఖమూ చూడకుండా అడిగాడు. "దెబ్బ ఏ వైపు నుంచి?"

గీత అలవాటు కొద్దీ, జయరత్నం ఎప్పుడూ నిలబడే గిన్నెల మూలకు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. చిన్నప్ప బల్ల దగ్గరికి వచ్చి వంగాడు. చాలాసేపు చూశాడు.

"కుడిచెవి," అన్నాడు. "ఎనకనించి."

కిటికీ పక్కన చీటీ అలాగే ఉంది. జెఫ్రీ, కుడి చెవి, ఏడు కుట్లు, మంగళవారం ఇప్పాల. దాని పక్కన మూతపెట్టిన గిన్నెలో, స్పిరిట్‌లో మునిగి ఉంది కుట్లు విప్పే చిన్న కత్తెర.