టేపులో పోయిన నలభై సెకన్లు

"ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, ఆ పాత టేపులు కాస్త కంప్యూటర్లోకి ఎక్కించెయ్" అన్నారు మా ఆయన, బూట్ల లేసు కట్టుకుంటూ. మామగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు చుట్టాలందరి ముందూ వేసి చూపించాలట. ఖాళీ అంటే పొద్దున ఐదింటికి లేచి, నలుగురికి నాలుగు రకాలు వండి, అత్తగారి మోకాళ్లకు కాపడం పెట్టి, మధ్యలో పుస్తకాల ప్రూఫులు దిద్దుకోవడం. ఆ ఖాళీలోనే, ఆ టేపులు తీసిన పాత క్యామ్‌కార్డర్‌ను కంప్యూటర్‌కు తగిలించుకుని కూర్చున్నాను.

ఆరు టేపులు బాగానే ఎక్కాయి. ఏడోది మా పెళ్లయిన కొత్తలో అందరం సరస్సుకు వెళ్లినప్పటిది. మా ఆడపడుచు తీసింది. అందులో దూరాన, నీళ్ల మధ్య, నల్లచుక్కలా నా తల. అంతలో బొమ్మ గభాల్న ఎగిరింది. మరుక్షణం నేను ఒడ్డున తువ్వాలు కప్పుకుని ఉన్నాను, నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. పోయిన ఫ్రేములు వెయ్యి అని చూపిస్తోంది తెర. సెకనుకు పాతిక బొమ్మల లెక్కన నలభై సెకన్లు.

ఆ నలభై సెకన్లలో ఏం జరిగిందో మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నేను మునిగిపోతుంటే ఆయన దూకి లాక్కొచ్చారు. పంతొమ్మిదేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివారికీ చెబుతారు: "నేను లేకపోతే ఈవిడ అప్పుడే నీళ్లపాలు!" వెంటనే అత్తగారు అందుకుంటారు: "ఆడపిల్లకి ఆ ఈతలెందుకమ్మా? ఏదో అదృష్టం బాగుండి మావాడు చూశాడు." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. వినగా వినగా ఆ మునక నాకే గుర్తున్నట్టు ఉండేది. పెళ్లికి ముందు రోజూ ఈదినదాన్ని, ఆ సరస్సు తర్వాత మళ్లీ పాదం తడిస్తే ఒట్టు. బట్టలు నానబెట్టిన బకెట్లో మోచేతుల దాకా చేతులు ముంచినప్పుడు మాత్రం, ఎందుకో, బయటికి తీయబుద్ధయ్యేది కాదు.

టేపు వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించాను. ఈసారీ అక్కడే తెగింది. కెమెరాలు బాగుచేసే ఆవిడకు ఫోన్ చేశాను.

"టేపుకేం కాలేదమ్మా. అది ఆగకుండా పోతూనే ఉంటుంది, మీ కంప్యూటరే రాసుకోలేక వెనకబడుతోంది. డిస్కు నిండిపోయిందా?"

"అంచుదాకా."

"వేరే డిస్కు తగిలించండి. వైరస్ చూసే ప్రోగ్రామూ, ఇంటర్నెట్టూ, అన్నీ ఆపేయండి. ఎక్కేంతసేపూ దానికి ఇంకో పని చెప్పకండి."

"అంత అదృష్టమా దానికి!" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

ఆవిడ చెప్పినట్టే చేసి, గది తలుపుకు గడియ పెట్టాను. "పట్టపగలు ఆ తలుపేమిటే?" అని అత్తగారు రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఈసారి ఒక్క ఫ్రేమూ పోలేదు.

నేను మునగలేదు. వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తున్నాను. ఒడ్డు నుంచి ఆయన "చాలు, ఇక రా! అందరూ చూస్తున్నారు" అని అరుస్తున్నారు. బోర్లా తిరిగి, ఏ తొందరా లేకుండా బారలు వేసుకుంటూ వచ్చాను. మోకాలి లోతులో ఆయనే కాలు జారి బుడుంగున పడ్డారు. చెయ్యిచ్చి లేపింది నేను. ఒడ్డెక్కాక కూడా ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

ఎన్నిసార్లు చూశానో. ఆ భుజాలు, ఆ తీరుబాటు. ఆ పిల్ల మీద అసూయ పుట్టింది.

సాయంత్రం ఆయనకు చూపించాను. లేచి గది తలుపు దగ్గరగా వేశారు.

"ఆ ముక్క తీసెయ్. నలుగురిలో నవ్వులపాలవుతాం."

"పంతొమ్మిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారుగా."

"నువ్వూ ఎప్పుడూ కాదనలేదుగా" అని గొణిగారు.

అంటే ఆయనకు తెలుసు. కాదనలేదన్నదీ నిజమే. ముల్లులా దిగింది ఆ మాట. ముక్క తీయలేదు నేను. కానీ ఆ రోజు నీళ్లు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో, ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. టేపులో అది ఉండదు కదా. మర్నాడు పొద్దున, పొయ్యి వెలిగించాల్సిన వేళకు, ఈతకొలను గేటు ఎప్పుడు తీస్తారా అని బయట నిలబడి ఉన్నాను.